బెంగళూరులో మగవాళ్ళ మొహం, చర్మం: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి చుట్టుపక్కల పీజీల్లోనూ, తర్వాత నలుగురం కలిసి తీసుకున్న ఫ్లాట్‌లోనూ పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ప్రతి జూన్‌లో ఊరి నుంచి కొత్తగా ఉద్యోగం వచ్చిన తమ్ముడు ఎవరో ఒకడు దిగుతాడు. మొదటి నెల అడ్వాన్స్ గురించి అడుగుతాడు, రెండో నెల జుట్టు గురించి, మూడో నెల మొహం గురించి. అవే ప్రశ్నలు, అవే జవాబులు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి రాసి పెట్టాను. నేను డాక్టర్ని కాను. మొహం మీద నానా ప్రయోగాలు చేసి, ఇద్దరు చర్మ డాక్టర్ల చేత చీవాట్లు తిని నేర్చుకున్నవాణ్ణి. మీ సందేహం ఏదో చూసి నేరుగా దాని దగ్గరికే వెళ్ళండి.

## బెంగళూరు దిగిన కొత్తలో

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్న మొహం ఇక్కడికి రాగానే ఎందుకిలా తయారైంది?

కొంత ఈ ఊరి తప్పు, కొంత మీ వయసు తప్పు. నెల్లూరు, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. చెమట పట్టి చిరాకు పెట్టినా చర్మం పొడిబారదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పొడిగా ఉంటుంది. దానికితోడు తొమ్మిది గంటలు ఏసీ. పైగా ఇరవైల్లో మొటిమలు రావడం వింతేమీ కాదు, టీనేజీతో అవి ఆగిపోవాలని రూలు లేదు. రాత్రి రెండింటి దాకా ఫోను, వేళకాని వేళ బిర్యానీ, ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ము కూడా లెక్కలోకి వస్తాయి. అన్నిటినీ ఒకేసారి మార్చలేరు. ముందు మొహానికి రాసేవాటిని, రుద్దేవాటిని సరిచేసుకోండి, చేతిలో ఉన్న పని అదే.

బోరు నీళ్ళ వల్లే మొహం పాడైందంటున్నారు. క్యాన్ వాటర్‌తో కడుక్కోవాలా?

బోరు నీళ్ళల్లో, ట్యాంకర్ నీళ్ళల్లో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. మీ బాత్రూమ్ కుళాయి చుట్టూ తెల్లగా పేరుకునేది అదే. ఈ నీళ్ళల్లో మామూలు సబ్బు సరిగా నురగ రాదు, లవణాలతో కలిసి ఒక జిగట పొరగా మారి చర్మం మీద ఉండిపోతుంది. స్నానం చేసి వచ్చాక ఒళ్ళు బిర్రుగా పట్టేసినట్టు, దురదగా అనిపించేది అందుకే. కావేరి నీళ్ళు వచ్చే ఇళ్ళల్లో ఈ బాధ తక్కువ. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ ప్రారంభమైంది కానీ, మన పీజీల్లో చాలావాటికి ఇప్పటికీ ట్యాంకరే గతి.

పరిష్కారం నీళ్ళు మార్చడం కాదు, సబ్బు మార్చడం. సబ్బు లేని క్లెన్సర్లు, చూడటానికి సబ్బులాగే ఉండి సబ్బు కాని సిండెట్ బార్లు ఉంటాయి. అవి ఉప్పు నీళ్ళల్లో కూడా అలా పొర కట్టవు. కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్లు మట్టిని ఆపుతాయేమో గానీ కాఠిన్యాన్ని పెద్దగా తగ్గించలేవు, దానికి ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ కావాలి. నేను ఒకప్పుడు రెండు వారాల పాటు ఇరవై లీటర్ల క్యాన్‌లోంచి దొంగతనంగా మొహం కడిగాను. మొహంలో మార్పేమీ రాలేదు, నీళ్ళ బిల్లు చూసి రూమ్‌మేట్లు మాత్రం పట్టుకున్నారు.

ఇక్కడ ఎండే ఉండదు కదా, సన్‌స్క్రీన్ ఎందుకు?

అందరూ బోల్తా పడేది ఇక్కడే. విజయవాడలో ఎండ చుర్రుమంటుంది, కాబట్టి నీడ వెతుక్కుంటాం. బెంగళూరులో చల్లగాలి వీస్తుంటే మధ్యాహ్నం పన్నెండింటికి టీ కొట్టు దగ్గర అరగంట నిలబడతాం. చర్మాన్ని నల్లబరిచేది వేడి కాదు, అతినీలలోహిత (యూవీ) కిరణాలు. అవి వేడిగా అనిపించవు. ఎత్తు పెరిగేకొద్దీ వాటి బలం పెరుగుతుంది, ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం. మనం భూమధ్యరేఖకు 13 డిగ్రీల దూరంలోనే ఉన్నాం కూడా. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం యూవీ సూచిక తరచుగా పది దాటుతుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే ఆ అంకె కనబడుతుంది, ఒకసారి చూడండి. మబ్బు పట్టినా చాలా భాగం కిందికి దిగుతుంది. కిటికీ అద్దంలోంచి కూడా వాటిలో యూవీఏ అనే రకం వస్తుంది, కాబట్టి కిటికీ పక్క సీటు సంపాదించినవాళ్ళు మరీ సంతోషించకండి.

## మొదలుపెట్టేటప్పుడు

రోజూ అసలు ఏమేం రాయాలి? పది సీసాలు కొనే ఓపిక నాకు లేదు.

మూడు చాలు. పొద్దున మృదువైన ఫేస్‌వాష్, పల్చటి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. రాత్రి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. అంతే. మొత్తం మీద మూడు నిమిషాల పని, క్యాబ్ డ్రైవర్ ఫోన్ చేసి 'సార్, కింద ఉన్నా' అనేలోపు అయిపోతుంది. నా లెక్కలో రెండు నెలలకు వెయ్యి రూపాయల లోపే. కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు, జీతం పడ్డ రోజు ఒకేసారి ఏడు రకాలు తెప్పించడం. మొహం మండితే వాటిలో దేనివల్ల మండిందో తెలియదు. ఒకటి మొదలుపెట్టి రెండు వారాలు చూసి, ఇంకొకటి కలపండి.

ఒంటి సబ్బుతోనే మొహం కడిగితే ఏమవుతుంది? మా నాన్న జీవితమంతా అదే వాడారు.

మీ నాన్నగారు రోజూ పన్నెండు గంటలు ఏసీలో కూర్చోలేదు. సబ్బు క్షార గుణం కలది, పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన చర్మం 5.5 దగ్గర కాస్త ఆమ్లంగా ఉంటుంది. సబ్బు పెట్టిన ప్రతిసారీ పైపొరలోని నూనె కొట్టుకుపోతుంది. కొందరి చర్మం ఓర్చుకుంటుంది, కొందరిది ఓర్చుకోదు. సబ్బు మీద టీఎఫ్ఎం 76 శాతం అని ఉంటే మంచిదంటారు. అది సబ్బు నాణ్యతకు కొలమానం, అందులో కొవ్వు పదార్థం ఎంతుందో చెబుతుంది, అంతే. మొహానికి మృదువు అని దానర్థం కాదు. కడిగాక మొహం కిర్రుమంటూ, నవ్వితే లాగుతున్నట్టుంటే ఆ సబ్బు మీకు సరిపడలేదు. ఆ కిర్రుమనడాన్నే శుభ్రం అనుకునే అలవాటు మనది.

నాది అసలే జిడ్డు మొహం. మళ్ళీ మాయిశ్చరైజర్ దేనికి?

జిడ్డు అంటే నూనె, చర్మానికి కావలసింది నీళ్ళు. రెండూ వేరు. జిడ్డుగా ఉంటూనే లోపల పొడిబారిన మొహాలు చాలా ఉంటాయి. ముఖ్యంగా రోజుకు ఐదుసార్లు ఫేస్‌వాష్ కొట్టేవాళ్ళకు అలా జరుగుతుంది. జెల్ రకం తీసుకోండి, డబ్బా మీద నాన్ కామెడోజెనిక్ అని ఉందో లేదో చూడండి. రంధ్రాలు పూడ్చదని దానర్థం. ఫేస్‌వాష్ రెండుసార్లు చాలు, మధ్యలో చిరాకేస్తే ఉత్త నీళ్ళు.

సన్‌స్క్రీన్ ఎంత రాయాలి? రాస్తే మొహానికి సున్నం కొట్టినట్టుంటోంది.

చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెట్టండి. మొహానికీ మెడకూ కలిపి అంత కావాలి. చెవుల మీద, మెడ వెనక కూడా పూయండి, బైక్ నడిపేవాళ్ళకు ముందు నల్లబడేవి అవే. ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె 30 అయితే, యూవీలో రెండో రకమైన యూవీబీ కిరణాలను సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే సుమారు 98. కాబట్టి అంకె కోసం కొట్టుకోకండి, తగినంత పూస్తున్నారా లేదా చూసుకోండి. యూవీఏ నుంచి రక్షణ ఎంతో చెప్పేది పీఏ, దాని పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులుంటే మంచిది. ఎండలో తిరిగే రోజు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. ఆఫీసులోనే ఉంటే మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్ళే ముందు ఒకసారి రాస్తే నడిచిపోతుంది.

తెల్లగా కనబడేది జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వల్ల. మన రంగుకు అవి బూడిదలా తేలతాయి. జెల్ లేదా ఫ్లూయిడ్ రకం తీసుకుంటే ఆ గోల ఉండదు.

మగవాళ్ళ ఫేస్‌వాష్ అని విడిగా అమ్ముతున్నారు. అదే కొనాలా?

అక్కర్లేదు. మగవాళ్ళ చర్మం కొంచెం మందం, నూనె ఎక్కువ, అది నిజమే. కానీ నల్ల ట్యూబు, బొగ్గు, చల్లగా తగిలే మెంథాల్, ఘాటు వాసన వల్ల ఒరిగేదేమీ లేదు. షేవ్ చేసిన మొహానికి ఆ మెంథాల్ మంట పుట్టిస్తుంది కూడా. మీ భార్యో అక్కో వాడేది సరిపడితే అదే వాడుకోండి, అడిగి.

సున్నిపిండి, సెనగపిండి, పెరుగు, నిమ్మకాయ... అమ్మ చెప్పినవి మంచివి కావా?

అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. మెత్తగా పట్టిన సున్నిపిండి ఒంటికి వారానికోసారి ఫరవాలేదు, రుద్దుడు మాత్రం నెమ్మదిగా. మొటిమలున్న మొహానికి వద్దు, పొక్కులు చిట్లుతాయి. పెరుగు, సెనగపిండి వల్ల పెద్ద లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు. కొబ్బరినూనె కాళ్ళూ చేతులకు బ్రహ్మాండం, మొటిమలొచ్చే మొహానికి మాత్రం రంధ్రాలు పూడుస్తుంది. నిమ్మరసం మాత్రం వద్దే వద్దు. అందులో ఆమ్లం ఒకటి, ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలు ఇంకొకటి. నిమ్మకాయ రుద్దుకుని ఎండలోకి వెళ్ళినవాళ్ళకు కాలిన మచ్చలు నెలల తరబడి ఉంటాయి. మొటిమ మీద టూత్‌పేస్ట్ సంగతీ అంతే.

విటమిన్ సి, నియాసినమైడ్ సీరమ్‌లు వాడమంటున్నారు.

మూడు నెలలు సన్‌స్క్రీన్ మానకుండా రాయగలిగారా? అయితే నియాసినమైడ్ 5 శాతం ఒకటి కలపండి, జిడ్డు, మచ్చలు కాస్త తగ్గుతాయి. లేకపోతే ఆ డబ్బు దాచుకోండి.

## గడ్డం, షేవింగ్

షేవ్ చేసిన మర్నాడు మెడ మీద ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. అవి మొటిమలా?

చాలామటుకు కావు. వంకర తిరిగే వెంట్రుకను మరీ లోతుగా కోస్తే, దాని మొన తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది. దాని చుట్టూ వాచి పొక్కు వస్తుంది. నాలుగైదు బ్లేడ్ల రేజర్లు వెంట్రుకను ఎత్తి పట్టుకుని చర్మం లోపలికి కోస్తాయి కాబట్టి వీటితో ఈ బాధ ఎక్కువ. ఒకటో రెండో బ్లేడ్లున్నది వాడండి. స్నానం చేశాక, వెంట్రుక నానాక చేయండి. నురగ పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మెడ మీద వెంట్రుక ఎటు మొలిచిందో వేలితో తడిమి చూసుకుని అటే గీయండి, ఎదురు గీయకండి. చర్మాన్ని సాగదీయకండి. ఐదారు షేవ్‌లకు బ్లేడ్ మార్చండి. ఇంత చేసినా ఆగకపోతే రేజర్ మానేసి ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు ఉంచుకోండి. ఆఫీసులో ఎవరూ ఏమీ అనరు, ఈ ఊళ్ళో సగం మందికి గడ్డమే.

సెలూన్‌లో షేవింగ్ చేయించుకోవచ్చా?

బ్లేడ్ మీ కళ్ళ ముందు కొత్తది విప్పితే చేయించుకోండి. 'హొస బ్లేడ్ హాకి' అంటే చాలు, కన్నడం ఆ మాత్రం వస్తే సరిపోతుంది. అక్కడ హిందీ కుర్రాడుంటే 'నయా బ్లేడ్'. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది, కంటికి కనబడని గాటు చాలు. దానికి టీకా ఉంది, మూడు డోసులు. చిన్నప్పుడు పడలేదనుకుంటే ఇప్పుడు వేయించుకోవచ్చు. టవల్ మీరే తీసుకెళ్ళండి. చివర్లో అందరి మొహాలకూ రుద్దే ఆ పటిక బిళ్ళ వద్దని చెప్పండి. ఇంట్లో మీ ఒక్కరికే ఉంచుకున్న పటిక మంచిదే, చిన్న గాట్లకు రక్తం ఆపుతుంది. ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ కన్నా నయం.

గడ్డం కింద దురద, తెల్లగా పొట్టు రాలుతోంది.

అది గడ్డంలో చుండ్రు. తలలో వచ్చేదే, నూనె ఎక్కువగా ఉండే చోట పెరిగే ఒక ఫంగస్ వల్ల. ముక్కు పక్కల, కనుబొమ్మల్లో కూడా ఎర్రగా పొట్టు కనబడుతుంది. నూనె రాస్తే ఇంకా పెరుగుతుంది, బియర్డ్ ఆయిల్ కూడా నూనే. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు గడ్డానికి పట్టించి, ఐదు నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాలు చేయండి. పూర్తిగా పోయి మళ్ళీ రాకుండా ఉండే రకం కాదిది, ఒత్తిడి, చలి పెరిగినప్పుడు తిరిగి తొంగి చూస్తుంది.

గడ్డంలో రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకలు ఊడి నున్నగా అయింది. పురుగు కొరికిందంటున్నారు.

పేనూ కొరకలేదు, పురుగూ కొరకలేదు. పేనుకొరుకుడు అనే పేరు వల్ల వచ్చిన తిప్పలివి. మన రోగనిరోధక శక్తే పొరపాటున వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. ఉల్లిపాయ రసం, మందారాకు రుద్ది చర్మం కాల్చుకోకండి. చిన్న మచ్చ అయితే చాలామందికి నెలల్లో తనంతట తానే వస్తుంది. త్వరగా కావాలంటే చర్మ డాక్టర్ చిన్న ఇంజెక్షన్లు వేస్తారు. మొదట తెల్ల వెంట్రుకలు మొలిస్తే కంగారు పడకండి, తర్వాత నల్లబడతాయి.

## మొటిమలు, మచ్చలు, రంగు

మొటిమలకు ఏం వాడాలి? ఎన్నాళ్ళకు తగ్గుతాయి?

చిన్న చిన్న మొటిమలకు రెండు మందులు బాగా పనిచేస్తాయి. ఎర్రగా చీము పట్టే రకానికి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. నల్ల, తెల్ల ముల్లు లాంటి వాటికి అడాపలీన్ 0.1 శాతం, రాత్రిపూట శనగగింజంత మొహమంతా పల్చగా, మొదట్లో రోజు విడిచి రోజు. మొదటి రెండు మూడు వారాలు పొట్టు లేస్తుంది, మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు. ఫలితం కనబడాలంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తీసేస్తుంది. నా రూమ్‌మేట్ నీలం దిండు గలీబు మీద అతని మొహం అచ్చు పడిపోయింది, తెల్ల టవల్ వాడండి.

జిమ్‌లో చేరాక వీపు నిండా మొటిమలు. ప్రోటీన్ పౌడర్ వల్లేనా?

కావచ్చు. పాల నుంచి తీసే వే ప్రోటీన్ కొందరికి మొటిమలు పెంచుతుంది. రెండు నెలలు ఆపి, ఆ ప్రోటీన్ గుడ్లు, పప్పు, చికెన్ నుంచి తీసుకుని చూడండి. బీ12 ఇంజెక్షన్లు చేయించుకుంటున్నా మొటిమలు రావచ్చు, ఇది చాలామందికి తట్టదు. అన్నీ ఒకే సైజులో, దురద పెట్టే చిన్న పొక్కులైతే అవి మొటిమలు కాకుండా ఫంగస్ వల్ల వచ్చినవి అయ్యుండొచ్చు. వాటికి మొటిమల మందు పనిచేయదు. చెమట బనీనుతో అలాగే ఇంటిదాకా రాకుండా అక్కడే స్నానం చేయండి. ట్రైనర్ ఇచ్చే పేరు లేని ఇంజెక్షన్ల జోలికి మాత్రం పోకండి.

నుదుటి మీద, చెంపల మీద హెల్మెట్ తగిలే చోటే మొటిమలు.

రాపిడి, చెమట, జుట్టుకు పెట్టిన నూనె మూడూ కలిసి చేసే పని. హెల్మెట్ మానకండి, లోపలి మెత్త ఉతకండి. చాలావాటికి ఊడి వస్తుంది, పదిహేను రోజులకోసారి సర్ఫ్ నీళ్ళల్లో ముంచి ఎండేయండి. లోపల పల్చటి నూలు టోపీ పెట్టుకుని రోజూ మార్చండి.

ఫ్రెండ్ ఇచ్చిన క్రీమ్ రాస్తే వారంలో మొటిమలు పోయి తెల్లబడ్డాను. ఆపేస్తే మొహం ఎర్రబడి మండుతోంది. ఏం జరిగింది?

ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంది. వెనక్కి తిప్పి పేరు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. మొదటి వారం అద్భుతంలా ఉంటుంది. వాపు తగ్గుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి, రంగు తేలుతుంది. మీరు ఇంకో ఇద్దరికి చెబుతారు. ఈ మందు పీజీల్లో వ్యాపించేది ఇలాగే, జలుబులాగా.

రెండు మూడు నెలలకు అసలు కథ మొదలవుతుంది. చర్మం పల్చబడుతుంది. చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు కనబడతాయి. ఎండలోకి వెళ్తే మంట. ముత్యాల్లా ఒకే రకం పొక్కులు వస్తాయి. ఆపితే రెండు మూడు రోజుల్లో మొహం ఎర్రగా ఉడికిపోతుంది, భరించలేక మళ్ళీ రాస్తారు, తగ్గుతుంది. దాన్ని మానలేకపోవడం అంటే ఇదే. నేను ఈ ఉచ్చులో ఏడు నెలలున్నాను, బయట పడటానికి ఇంకో పది నెలలు పట్టింది. షాపులో కౌంటర్ దగ్గరున్న కుర్రాడే 'ఇది బాగా పోతుంది సార్' అని ఇచ్చాడు. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు.

ఇప్పటికే చాలా వారాలుగా రాస్తుంటే మీ అంతట మీరు ఏ కొత్త క్రీమూ మొదలుపెట్టకండి. ట్యూబు పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, సిగ్గు పడకుండా ఎన్నాళ్ళు రాశారో నిజం చెప్పండి. బలం తక్కువ మందుకు మార్చి మెల్లగా తీస్తారు. ఈలోపు మృదువైన ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, ఎండ నుంచి రక్షణ తప్ప మొహానికి ఏదీ పెట్టకండి.

పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. రంగు తేలడానికి ఏమైనా ఉందా?

పుట్టుకతో వచ్చిన రంగు కన్నా తెల్లబరిచే సురక్షితమైన క్రీమ్ లేదు. చొక్కా చేతుల కింద, ఎండ తగలని చోట మీ రంగు ఎలా ఉందో అంత దాకా మొహం రావచ్చు, అది సన్‌స్క్రీన్‌తో నెలల్లో వస్తుంది. మన దేశంలో 2005లోనే మగవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఫెయిర్‌నెస్ క్రీమ్ వచ్చింది. ఇన్నేళ్ళలో దాంతో తెల్లబడ్డ మనిషి నాకైతే తగల్లేదు. లేబుల్ సరిగా లేని, ఎక్కడో తయారైన క్రీముల్లో పాదరసం ఉంటుంది. కేరళ మలప్పురం జిల్లాలో 2023లో ఇలాంటివి రాసుకున్నవాళ్ళకు కిడ్నీ జబ్బు వచ్చిందని అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. తెల్లబరుస్తాయని ఎక్కించే గ్లూటాథయోన్ డ్రిప్పులకు డబ్బు తగలేయకండి.

మొటిమలు పోయాయి, నల్ల మచ్చలు మాత్రం మిగిలాయి.

మన రంగు వాళ్ళకు ఇది సహజం, గిల్లినవాళ్ళకు ఇంకా ఎక్కువ. మచ్చ చదునుగా ఉంటే సన్‌స్క్రీన్, అడాపలీన్ లేదా అజెలాయిక్ ఆసిడ్‌తో ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాదిలో పోతుంది. గుంట పడి ఉంటే ఏ క్రీముతోనూ పూడదు, డాక్టర్ చేసే పద్ధతులు కావాలి. చెంపల మీద రెండు వైపులా ఒకేలా పరుచుకున్న గోధుమ రంగు మచ్చ అయితే అది మంగు కావచ్చు. ఆడవాళ్ళకే వస్తుందనుకుంటారు, మగవాళ్ళకూ వస్తుంది.

## మెడ కింద ఒళ్ళు

మెడ వెనక నలుపు ఎంత రుద్దినా పోవడం లేదు.

రుద్దకండి, అది మురికి కాదు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా ఉంటే, చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అర్థం. పక్కన చిన్న చిన్న పులిపిర్లు కూడా మొలుస్తాయి. మూడు పూటలా అన్నం, కుర్చీలో పన్నెండు గంటలు, ఇంట్లో నాన్నకో అమ్మకో షుగరు, మనలో చాలామంది కథ ఇదే. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు) పరీక్ష చేయించండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు గుమ్మం దగ్గర నిలబడ్డట్టు. బరువు తగ్గితే మెడ నలుపు దానంతటదే పల్చబడుతుంది. నైలాన్ పీచుతో రోజూ వీపు, చేతులు తోమేవాళ్ళకు అక్కడ కూడా గోధుమ రంగు మచ్చలు పడతాయి. పీచు పారేయండి.

గజ్జల్లో దురద, గుండ్రటి మచ్చలు. ట్యూబు రాస్తే తగ్గి మళ్ళీ వస్తోంది.

తామర. తగ్గి మళ్ళీ వస్తోందంటే మీరు రాసే ట్యూబులో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కలిసి ఉందేమో చూడండి. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది, అడుగున ఫంగస్ హాయిగా పాకుతుంది. మందు డాక్టర్ రాసిచ్చింది పూర్తి రోజులు వాడాలి, మచ్చ పోయాక కూడా రెండు వారాలు. బిగుతు జీన్స్ మానండి. లోదుస్తులు ఎండలో ఆరేయండి, పీజీ బాత్రూమ్ దండెం మీద చెమ్మగా ఆరినవి కట్టుకుంటే ఏ మందూ పనిచేయదు. మొలతాడు ఉంటే తగ్గేదాకా తీసేయండి, తడిని, ఫంగస్‌ను పట్టి ఉంచేది అదే. అమ్మ అడిగితే డాక్టర్ చెప్పాడనండి. రూమ్‌మేట్ టవల్ ముట్టుకోకండి.

ఛాతీ, వీపు మీద తెల్లటి మచ్చలు. బొల్లి అవుతుందా?

చాలామటుకు అవి ఫంగస్ వల్ల వచ్చే శోభి మచ్చలు, బొల్లిగా మారవు. శోభి మీద గోటితో గీరితే సన్నటి పొట్టు లేస్తుంది, బొల్లి పాల తెలుపులో నున్నగా ఉంటుంది. శోభికి కీటోకోనజోల్ చాలు. ఫంగస్ చచ్చాక కూడా రంగు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది, మందు పనిచేయలేదని మళ్ళీ మళ్ళీ రాయనక్కర్లేదు.

డిసెంబరు వస్తే కాళ్ళు బీటలు, గీరితే తెల్ల గీతలు.

గీజరు నీళ్ళు పొగలు కక్కకుండా చూసుకోండి, గోరువెచ్చగా ఐదు నిమిషాలు చాలు. తుడుచుకుని ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ పూయండి. పాదాలకు యూరియా 10 శాతం ఉన్న క్రీమ్.

## డాక్టర్ దగ్గరికి

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? బోర్డు మీద స్కిన్ క్లినిక్ అని ఉంటే చాలా?

చాలదు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్ లేదా చర్మ విభాగంలో డీఎన్‌బీ ఉండాలి. హెయిర్ అండ్ స్కిన్ అని పెద్ద అద్దాల గది పెట్టి, డాక్టర్ కన్నా ముందు ప్యాకేజీ అమ్మే అమ్మాయి మాట్లాడితే లేచి రండి. డబ్బు ఇబ్బందిగా ఉంటే శివాజీనగర్‌లో బౌరింగ్, కేఆర్ మార్కెట్ దగ్గర విక్టోరియా ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్ళాలి, క్యూ ఉంటుంది. మందులు పన్నెండు వారాలు వాడినా పనిచేయకపోయినా, మొటిమలు గడ్డల్లా నొప్పి పెడుతున్నా, ఏదైనా పుట్టుమచ్చ ఆకారం మారినా ఆలస్యం చేయకండి.

ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాశారు. భయంగా ఉంది.

గడ్డల్లాంటి మొటిమలకు దానంత బలమైన మందు లేదు. పెదవులు విపరీతంగా ఎండిపోతాయి, జేబులో లిప్ బామ్ తప్పనిసరి. కాలేయం, కొవ్వు పరీక్షలు చెప్పినప్పుడు చేయించాలి, మద్యం తాగడం ఆపాలి. వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక ఒక నెల దాకా రక్తదానం చేయకూడదు. మనసు దిగులుగా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. నెట్‌లో చదివి మధ్యలో ఆపేసేవాళ్ళకే మొటిమలు మళ్ళీ ఎక్కువగా వస్తాయి.

నెల రోజుల్లో పెళ్ళి. ఏదైనా చేయాలి అన్నా!

కొత్తది ఏదీ చేయకండి. ఇప్పుడు ఫేషియల్, కెమికల్ పీల్, లేజర్ మొదలుపెడితే మొహం పాడైతే సరిచేసుకునే టైమ్ ఉండదు. నిద్ర, సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్. సరిగ్గా ఆ వారంలో పెద్ద మొటిమ లేస్తే గిల్లకండి, చర్మ డాక్టర్ దానిలోకి ఒక చిన్న ఇంజెక్షన్ వేస్తే ఒకటి రెండు రోజుల్లో అణుగుతుంది. గడ్డం రెండు రోజుల ముందే చేయించుకోండి, పెళ్ళిరోజు పొద్దున కొత్త గాట్లతో కూర్చోనక్కర్లేదు. పెళ్ళికొడుకుని చేసే రోజు అత్తలూ పిన్నులూ నలుగు పెడతారు. వద్దంటే వినరు. మొహం మీద మాత్రం గట్టిగా రుద్దొద్దని ముందే అమ్మతో చెప్పించండి.